కావనా ఇంటిపేరు ఎక్కడిది? వెక్స్‌ఫర్డ్ వైపు పాత రికార్డులు ఎట్లా వెతకాలి?

పానగల్‌గట్టు (నల్లగొండ):

అందరికీ నమస్కారం. మా మేనకోడలికి ఐర్లాండ్ అబ్బాయితో సంబంధం ఖాయమైంది. ఇంటిపేరు కావనా. వాళ్లది వెక్స్‌ఫర్డ్ కౌంటీ, ఎన్నిస్కోర్తీ పట్నానికి దగ్గరి పల్లె. కాథలిక్కులు. ముత్తాత పేరు పాట్రిక్, 1895 ప్రాంతంలో పుట్టిండని చెప్తున్నరు. అంతకు పైన వాళ్లకూ తెలియదు, ఇంట్లో కాగితాలు కూడా లేవు.

మా పెద్దవాళ్లు ఇంటిపేరు, గోత్రం అడుగుతున్నరు. ఊరికే అడగడం కాదు, పిల్ల పోయే ఇల్లు ఎట్లాంటిదో తెలుసుకోవాలన్న ఆరాటం. పెండ్లి పత్రికలో ఆ ఇంటి గురించి రెండు ముక్కలు తప్పు లేకుండా రాయాలని నాకూ ఉంది. ఈ పేరు ఎట్లా పుట్టింది? ‘సి’ అక్షరంతో రాసే కావనాలు, ‘కె’తో రాసేవాళ్లు వేరు వేరా? ఇక్కడ కూర్చొని, పైసలు కట్టకుండా పాట్రిక్ తాతల దాకా పోవచ్చా? ఒక వెబ్‌సైట్‌లో ‘కావనా వంశ చిహ్నం’ అమ్ముతున్నరు. దాన్ని పత్రిక మీద అచ్చు వేయించొచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పాలమూరు పాతకాగితాలు (మహబూబ్‌నగర్):

శుభం అన్నా. ముందు పలికే తీరు సరిచూసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చివర ఉన్న రెండు అక్షరాలు పలకవు. ఒత్తు మొదటి అక్షరం మీద ఉంటుంది. పత్రికలో ‘కావనా’ అని వేయించండి, ‘కవనాగ్’ అని కాదు.

ఐర్లాండ్ ఇంటిపేర్లు చాలావరకు ‘ఓ’తోనో ‘మాక్’తోనో మొదలైతయి. ఓ అంటే మనుమడు, ఆ మనిషి సంతతి. మాక్ అంటే కొడుకు. పదో శతాబ్దం నుంచి పన్నెండు లోపల ఇట్లా మూలపురుషుడి పేరు మీద ఇంటిపేర్లు స్థిరపడ్డయి. కావనాకు రెండూ లేవు. ఐరిష్‌లో అది ‘కీవానఖ్’, కీవాన్‌కు చెందినవాడు అని అర్థం. కీవాన్ ఒక సాధువు. ఆయన పేరిట వెక్స్‌ఫర్డ్‌లో ఉన్న చోటు కిల్‌కావన్, అంటే కీవాన్ గుడి. ఐర్లాండ్ తూర్పు భాగమైన లెన్‌స్టర్‌కు రాజు డెర్మట్ మాక్‌మరో తన కొడుకు డోనల్‌ను అక్కడ పెంపకానికి ఇచ్చిండు. పెద్దింటి పిల్లలను వేరే ఇంట పెంచడం అప్పటి ఐరిష్ సమాజంలో మామూలు. ఎవరి పిల్లకు ఎంత ఖర్చు ఇవ్వాలో కూడా వాళ్ల పాత ధర్మశాస్త్రం చెప్పేది. పెరిగిన చోటును బట్టి డోనల్‌కు కీవానఖ్ అనే పేరు పడింది, అదే సంతతికి ఇంటిపేరైంది. పిల్లలమర్రి వారు, కందూరి వారు, దేవరకొండ వారు అని మనకు ఊరి పేర్లు ఇంటిపేర్లైనట్టే ఇదీ. అయితే ఇక్కడ ఆ ఊరి పేరు మోసింది ముందు ఒక్క మనిషే.

ఆ డెర్మట్ ఐర్లాండ్ చరిత్రలో బాగా నిందపడ్డ రాజు. 1166లో రాజ్యం పోగొట్టుకొని ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీని ఆశ్రయించిండు. ఆయన అనుమతితో నార్మన్ దొరలను కూడగట్టిండు. 1169లో వాళ్ల మొదటి దండు వెక్స్‌ఫర్డ్ తీరంలో బానో దగ్గర దిగింది. మరుసటేడు స్ట్రాంగ్‌బో అనే నార్మన్ ప్రభువు వచ్చి వాటర్‌ఫర్డ్‌ను పట్టుకొన్నడు, డెర్మట్ బిడ్డ ఈఫాను పెండ్లి చేసుకొన్నడు. 1171లో డెర్మట్ ఫెర్న్స్‌లో పోయిండు. ఐరిష్ ధర్మంలో బిడ్డ ద్వారా అల్లుడికి రాజ్యం పోదు, దాయాదుల్లో ఒకరిని ఎన్నుకోవాలె. నార్మన్ ధర్మంలో పోతుంది. ఈ రెండు ధర్మాలు ఒకే ఇంట్లో ఢీకొన్నయి. డోనల్ మాత్రం స్ట్రాంగ్‌బో పక్షానే నిలబడి, లెన్‌స్టర్‌లో ఐరిష్ జనం మీద అధికారం పొందిండు. 1175లో హత్యకు గురైండు. ఆయన సంతతి తర్వాత మళ్లీ లెన్‌స్టర్ రాజులమని నిలబడ్డది. వాళ్లలో పేరున్నవాడు ఆర్ట్ మోర్. 1394లో, 1399లో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ స్వయంగా సైన్యంతో వచ్చినా ఈయనను శాశ్వతంగా లొంగదీయలేకపోయిండు. ఆ ఇంటి దంతపు కొమ్ము ఒకటి డబ్లిన్ జాతీయ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నది.

డెర్మట్ మరో కొడుకు ఎన్నా సంతతి కిన్సెలాలు. వాళ్లదీ ఓ, మాక్ లేని పేరే, వాళ్లూ వెక్స్‌ఫర్డ్ వాళ్లే. కాబట్టి రికార్డుల్లో కావనా పక్కన కిన్సెలా పెండ్లి సాక్షిగానో, బాప్తిస్మంలో బిడ్డకు పూచీ ఉండే జ్ఞానపితగానో కనబడితే ఆశ్చర్యపోవద్దు. మర్ఫీలు కూడా ఆ కౌంటీ నిండా ఉంటరు. వాళ్ల పేరులోనూ, మాక్‌మరోలోనూ ఉన్నది ‘మురఖద్’ అనే పేరే, కానీ మర్ఫీల మురఖద్ వేరే మనిషి.

‘సి’, ‘కె’ సంగతి: వెక్స్‌ఫర్డ్, కార్లో, విక్లో, డబ్లిన్ వైపు రెండూ ఒకటే పేరు. గుమాస్తా ఎట్లా రాస్తే అట్లా. సొంత అన్నదమ్ముల్లో ఒకరు సి, ఒకరు కె ఉంటరు. అమెరికాలో చివరి రెండక్షరాల ముందు ‘యు’ కూడా చేరింది. కావన్ అనే కౌంటీతో ఈ పేరుకు సంబంధం లేదు. ఇంకో జాగ్రత్త ఉంది. పడమట కొన్నాట్ వైపు ఓ కీవాన్ అనే వేరే ఇంటివాళ్లలో కొందరు ఇంగ్లీషులో కావనాలైన్రు. వాళ్లు డోనల్ సంతతి కాదు. మీది వెక్స్‌ఫర్డ్ కాబట్టి ఆ అనుమానం తక్కువ.

డోనల్ వంశమే అని పత్రికలో మాత్రం రాయించకండి. పేరు వెంట రాజవంశం నడుస్తుంది గానీ, ఒక ఇంటి వంశక్రమం నడవదు. రాజు దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తే ఏ ఇల్లైనా కలుస్తుంది, అదే దాంట్లో ప్రమాదం. పాట్రిక్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం పైకి పోండి.

మూసీ ఒడ్డు (సూర్యాపేట):

వెతికే పద్ధతి నేను రాస్త. ఇవన్నీ పైసలు లేకుండా దొరికేవే.

మొదట 1901, 1911 జనగణన. ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఇంటింటి ఫారాలు చూడొచ్చు. 1901 మార్చి 31 రాత్రి, 1911 ఏప్రిల్ 2 రాత్రి ఆ ఇంట్లో ఎవరున్నరో వాళ్ల పేర్లు. అంతకు ముందటివి ఎందుకు లేవంటే, 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో పేలుడు జరిగి రికార్డుల భవనం తగలబడింది, 1821 నుంచి 1851 దాకా ఉన్న జనగణనలో కొన్ని ముక్కలే మిగిలినయి. 1861, 1871 ఫారాలను సర్కారే నాశనం చేయించింది. 1881, 1891 మొదటి ప్రపంచయుద్ధంలో కాగితం గుజ్జుకు పోయినయి.

ఆ సైట్‌లో ఇంటిపేరు రెండు స్పెల్లింగులతోనూ వెతకండి, కౌంటీ వెక్స్‌ఫర్డ్ పెట్టండి, వయసు గడి ఖాళీగా వదలండి. దొరికిన ఇంటికి, మనుషుల పేర్లుండే ‘ఎ’ ఫారంతో పాటు ఇంటి కట్టడం వివరాలుండే ‘బి-1’ ఫారం కూడా తెరవండి, చాలామంది అది చూడరు. గోడలు రాయి లేదా ఇటుకైతే 1, మట్టివైతే 0. కప్పు పలకలదైతే 1, గడ్డిదైతే 0. గదులకు, ముందువైపు కిటికీలకు కూడా అంకెలు. అన్నీ కూడి ఇల్లు ఏ తరగతిదో తేల్చిన్రు. ఇల్లు ఎవరి కమతంలో ఉందో వాళ్ల పేరు కూడా అదే కాగితంలో ఉంటుంది. ఆ ఇల్లు ఎట్లాంటిదని మీ పెద్దలు అడిగేదానికి ఆ ఒక్క కాగితంలో జవాబుంది.

ఆ బి-1 ఫారం పైన టౌన్‌ల్యాండ్ పేరు ఉంటుంది. మొత్తం పనికి తాళంచెవి అదే. టౌన్‌ల్యాండ్ అంటే ఊరు కాదు, హద్దులున్న భూమి చెక్క. దేశం మొత్తం మీద 60 వేలకు పైగా ఉన్నయి. ఒకే పేరుతో పలుచోట్ల ఉంటయి కాబట్టి సివిల్ పారిష్, బారనీ అనే పాత పాలనా విభాగాల పేర్లు కూడా కలిపి రాసుకోండి. కాథలిక్ పారిష్ హద్దులు వేరు, జననమరణాల రిజిస్ట్రేషన్ జిల్లా హద్దులు వేరు. రిజిస్ట్రేషన్ జిల్లాలు కౌంటీ గీతలు దాటుతయి. న్యూ రాస్ జిల్లాలో వెక్స్‌ఫర్డ్, కిల్‌కెన్నీ ఊర్లు రెండూ కలిసి ఉంటయి. కౌంటీ పేరు మీదనే వెతికి, దొరకలేదని ఆగిపోయేది ఇక్కడే.

రెండోది సివిల్ రిజిస్ట్రేషన్. ఐరిష్ జీనియాలజీ డాట్ ఐఈ అనే సర్కారు సైట్. అందరి జననాలు, వివాహాలు, మరణాలు 1864 నుంచి. కాథలిక్ కాని వివాహాలు 1845 నుంచి. జననాలు నూరేండ్లు, వివాహాలు 75 ఏండ్లు, మరణాలు 50 ఏండ్లు దాటినవే చూపిస్తరు. పాట్రిక్ జనన నమోదులో తండ్రి పేరు, ఉండే చోటు, వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటయి. ఆ రెండు ఇంటిపేర్లు కలిపి తల్లిదండ్రుల పెండ్లి నమోదు వెతకండి. దాంట్లో వరుడి తండ్రి, వధువు తండ్రి ఇద్దరి పేర్లూ వృత్తులూ ఉంటయి. అట్లా ఒక్క కాగితంతో ఇంకో తరం పైకి పోతరు. పెండ్లి సాధారణంగా వధువు పారిష్‌లో జరిగేది, అబ్బాయి ఊర్లోనే వెతుకుతూ కూర్చోవద్దు.

మూడోది చర్చి రిజిస్టర్లు. 1922 మంటల్లో ప్రొటెస్టెంట్ చర్చివి సగానికి పైగా పోయినయి. కాథలిక్‌వి పారిష్‌ల దగ్గరనే ఉండటంతో తప్పించుకొన్నయి. నేషనల్ లైబ్రరీ సైట్‌లో వాటి ఫొటోలు ఎక్కువగా 1880 దాకా ఉన్నయి. మీది ఫెర్న్స్ డయోసిస్, అంటే ఫెర్న్స్ బిషప్ పరిధి. ఆ సైట్‌లో పేరు కొట్టి వెతకలేరు, పారిష్ తెరిచి నెల నెలా చదవాలె. కొన్ని లాటిన్‌లో ఉంటయి: యాకోబస్ అంటే జేమ్స్, గులియెల్ముస్ అంటే విలియం, లౌరెన్షియస్ అంటే లారెన్స్. బాప్తిస్మం నమోదులో తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతోనే రాస్తరు. ఆడవాళ్ల పుట్టింటి పేరు మన పాత రికార్డుల్లో ఇంత తేలిగ్గా దొరకదు. జ్ఞానపిత, జ్ఞానమాత పేర్లు కూడా రాసుకోండి, ఎక్కువగా మేనమామలో పినతల్లో అయి ఉంటరు.

నాలుగోది గ్రిఫిత్ వాల్యుయేషన్, 1847 నుంచి 1864. ఇది మన పహాణీలాగ అన్నమాట: ఎవరి అనుభవంలో ఎంత భూమి, ఎవరి దగ్గర కౌలు, పన్ను లెక్కకు విలువ ఎంత. ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ సైట్‌లో మ్యాపులతో సహా ఉన్నది. కుటుంబంలో అందరి పేర్లుండవు, కౌలుదారు పేరే. ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఒకే పేరువాళ్లు ఇద్దరుంటే పక్కన తండ్రి పేరు పొట్టిగా రాసేవాళ్లు. ఆ చిన్న అక్షరాలు దాటిపోవద్దు. దానికి ముందుది టైద్ అప్లాట్‌మెంట్, 1823 నుంచి 1837. ప్రొటెస్టెంట్ చర్చికి కట్టాల్సిన దశమభాగం లెక్క, కాథలిక్ రైతులు కూడా కట్టక తప్పలేదు. భూమి లేని కూలీలు, పట్నంవాళ్లు దాంట్లో ఉండరు.

ఈ రెంటి విస్తీర్ణాలు పోల్చేటప్పుడు చాలామంది పొరపడతరు. గ్రిఫిత్‌ది మామూలు ఎకరం. 4 రూడ్లు ఒక ఎకరం, 40 పర్చ్‌లు ఒక రూడ్. మన లెక్కలో రూడ్ అంటే 10 గుంటలు, పర్చ్ అంటే పావు గుంట. టైద్ పుస్తకాల్లో చాలాచోట్ల ఐరిష్ ఎకరం వాడిన్రు, అది మన ఎకరానికి సుమారు 1.62 రెట్లు. టైద్‌లో 10 ఎకరాలు, గ్రిఫిత్‌లో 16 ఎకరాల చిల్లర కనబడితే భూమి పెరగలేదు, కొలత మారింది. అదే పొలం, అదే ఇల్లు అయ్యే అవకాశం ఎక్కువ.

1820 దాటి పైకి పోవడం మామూలు రైతు ఇంటికి కష్టం. పెద్ద భూస్వామి దగ్గర కౌలుపత్రాలు మిగిలి ఉంటేనే దారి.

పానగల్‌గట్టు:

చాలా మేలు చేసిన్రు అందరూ. 1901లో పాట్రిక్ దొరికిండు. వయసు 6. తండ్రి జేమ్స్, ఇంట్లో తాత లారెన్స్, వయసు 58. 1911లో అదే టౌన్‌ల్యాండ్, అదే జేమ్స్, పాట్రిక్ వయసు 16. కానీ లారెన్స్ వయసు 72 అని ఉంది. పదేండ్లలో పద్నాలుగేండ్లు ఎట్లా పెరుగుతయి? వేరే లారెన్సా? ఇంకొకటి, పాట్రిక్ సివిల్ నమోదులో పుట్టిన తేదీ ఏప్రిల్ 21. అబ్బాయి వాళ్ల చర్చి నుంచి తెప్పించిన బాప్తిస్మం చీటీలో ఏప్రిల్ 4. పుట్టకముందే బాప్తిస్మమా?

మూసీ ఒడ్డు:

రెండూ ఆ కాలంలో ఇంటింటా కనబడే సంగతులే. లారెన్స్ ఒక్కడే. 1909 జనవరి నుంచి 70 ఏండ్లు నిండినవాళ్లకు వారానికి 5 షిల్లింగుల దాకా ముసలితనం పింఛన్ మొదలైంది. సివిల్ జనన నమోదు 1864లో మొదలైంది కాబట్టి అంతకుముందు పుట్టినవాళ్లకు సర్టిఫికెట్ లేదు. చెప్పిన వయసే లెక్క. అందుకే 1911లో ముసలివాళ్లంతా 1901 కన్నా గబగబా పెరిగిపోయిన్రు. వయసుకు 1901ని నమ్మండి.

దీంతో మీకు ఒక లాభం కూడా ఉండొచ్చు. వయసు రుజువు కోసం పింఛన్ ఆఫీసులు అప్పటికి ఇంకా తగలబడని 1841, 1851 జనగణనలు వెతికించేవి. ఆ దరఖాస్తులు బతికి ఉన్నయి, నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉన్నయి. దరఖాస్తుదారు తండ్రి పేరు, తల్లి పేరు, చిన్నప్పుడు ఉన్న టౌన్‌ల్యాండ్ దాంట్లో రాస్తరు. లారెన్స్ 1843 ప్రాంతంలో పుట్టిండు కాబట్టి 1851 వాటిల్లో వెతకండి. దొరికితే ఒక్కసారే పాట్రిక్ ముత్తాత దాకా పోయినట్టే, కాలిపోయిన జనగణనలోంచి.

తేదీల సంగతి: అప్పట్లో జననాన్ని 42 రోజుల్లో నమోదు చేయించాల్సి ఉండేది, మరీ ఆలస్యమైతే జుర్మానా. పొలం పనుల్లో పడి ఆలస్యం చేసినవాళ్లు రిజిస్ట్రార్ దగ్గర పుట్టిన తేదీని తర్వాతి రోజుకు జరిపి చెప్పేవాళ్లు. బాప్తిస్మం మాత్రం పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే చేయించేవాళ్లు, పసిపిల్ల జ్ఞానస్నానం లేకుండా పోతుందేమోనన్న భయం. పుట్టినరోజుకు చర్చి చీటీకే దగ్గరగా పొండి.

జేమ్స్ పిల్లల పేర్లు వయసు వరుసలో రాసి చూడండి. మొదటి కొడుక్కు నాయనతండ్రి పేరు, రెండోవానికి తల్లి తండ్రి పేరు, మొదటి బిడ్డకు అమ్మమ్మ పేరు, రెండో బిడ్డకు నాయనమ్మ పేరు పెట్టడం అక్కడి రివాజు. పెద్ద కొడుకు లారెన్స్ అయితే సరిపోతుంది. పెద్ద కొడుకే పాట్రిక్ అయితే, వానికంటే ముందు ఒక లారెన్స్ పుట్టి పోయిండేమో 1911 ఫారంలో చూడండి: పెండ్లై ఎన్నేండ్లు, ఎంతమంది పుట్టిన్రు, ఎంతమంది బతికి ఉన్నరు అని మూడు గడులుంటయి.

కొల్లాపూర్ రేవు (నాగర్‌కర్నూల్):

వంశ చిహ్నం గురించి ఎవరూ చెప్పలేదు. అచ్చు వేయించొద్దన్నా. ఆ దేశంలో అట్లాంటి చిహ్నం ఒక మనిషికి, ఆయన వారసులకు ఇచ్చేది. ఇంటిపేరు మొత్తానికి కాదు. డబ్లిన్‌లో చీఫ్ హెరాల్డ్ ఆఫీసు అని దాని కోసమే ఉన్నది. అది 1943 దాకా అల్‌స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ అనే పాత ఇంగ్లీషు పదవి, 1552లో మొదలైంది. సైట్లలో అమ్మేది ఏదో ఒక కావనా దొరకు ఇచ్చిన బొమ్మ. దానికి బదులు ఆ టౌన్‌ల్యాండ్ పేరు వేయించండి: ‘ఐర్లాండ్, వెక్స్‌ఫర్డ్ కౌంటీ, ఫలానా టౌన్‌ల్యాండ్ వాస్తవ్యులు’. మన పత్రికల్లో ఊరు రాసే తీరుకూ సరిపోతుంది, వాళ్ల ఇంటికీ గౌరవం.

గోత్రం లేదు వాళ్లకు. ఒకే ఇంటిపేరువాళ్లు పెండ్లి చేసుకోవద్దన్న నియమమూ లేదు. కావనాకు కావనా కోడలు రిజిస్టర్లలో మామూలే, కాబట్టి తల్లి ఇంటిపేరు కూడా కావనా అని కనబడితే గుమాస్తా తప్పనుకోవద్దు. చర్చి చూసేది రక్తసంబంధం. పాత నియమంలో మూడో తరం దాయాదుల దాకా అనుమతి తీసుకోవాలె. అట్లా తీసుకొన్నప్పుడు పెండ్లి నమోదులో ‘మూడో డిగ్రీ’, ‘నాలుగో డిగ్రీ’ అని లాటిన్‌లో రాస్తరు. రెండో డిగ్రీ అంటే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు. మూడోది వాళ్ల పిల్లలు, నాలుగోది వాళ్ల మనుమలు. మేనరికం ఇక్కడ మనకు వరసైన సంబంధం, అక్కడ రెండో డిగ్రీ. పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పి పెట్టండి, అక్కడివాళ్ల ముందర మాట తేడా రాకుండా ఉంటుంది.

ఐరిష్‌లో ఆడవాళ్ల ఇంటిపేర్లు మారుతయి. ఓ ఉన్న ఇంటి బిడ్డకు ‘నీ’, మాక్ ఉన్న ఇంటి బిడ్డకు ‘నిక్’ చేరుతుంది. కావనాకు ఆ ఇబ్బంది లేదు, అది విశేషణం కాబట్టి ఆ ఇంటి బిడ్డలకు ‘నీ’, ‘నిక్’ ఏవీ చేరవు. 

ఈ ఇంటిపేరువాళ్లు మన దేశానికీ వచ్చిన్రు. వెస్ట్‌మీత్ కౌంటీ మల్లింగర్‌లో పుట్టిన థామస్ హెన్రీ కావనా లక్నోలో సర్కారు గుమాస్తా. 1857 నవంబరు 9 రాత్రి ముట్టడిలో ఉన్న రెసిడెన్సీ నుంచి మారువేషంలో బయటపడి, విడిపించడానికి వస్తున్న బ్రిటిష్ సేనాని కాంప్‌బెల్ సైన్యాన్ని కలిసిండు. వెంట దారి చూపినవాడు కనౌజీ లాల్. కావనాకు విక్టోరియా క్రాస్ వచ్చింది. సైనికులు కానివాళ్లకు అది అతి అరుదు. డెర్మట్ వంశపు పెద్దింటివాళ్లలో ఆర్థర్ మాక్‌మరో కావనా అని ఇంకొకరు, 1831లో కార్లోలోని బోరిస్‌లో పుట్టిండు. పుట్టుకతోనే కాళ్లు చేతులు మొండివి. అయినా గుర్రమెక్కేవాడు. రష్యా, పర్షియాల మీదుగా ఇండియా చేరి ఔరంగాబాద్ వైపు టపా మోసిండు. మన నల్లగొండ, పాలమూరులాగే అదీ అప్పుడు నిజాం రాజ్యమే. తర్వాత తిరిగి పోయి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడైండు.

లారెన్స్ అన్నదమ్ముల్లో ఎవరైనా పట్టాళంలో చేరి కనబడకుండా పోతే సికింద్రాబాద్ వైపు కూడా చూడండి. ఆ కంటోన్మెంట్ మద్రాసు సైన్యం కింద ఉండేది. అందుకే అక్కడి బాప్తిస్మాలు, పెండ్లిండ్లు, ఖననాల నకళ్లు హైదరాబాద్ పేరు మీద కాకుండా లండన్ బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు వరుసలో ఉంటయి, దాని గుర్తు ఎన్-2.

పానగల్‌గట్టు:

1851 దరఖాస్తుల్లో లారెన్స్ దొరికిండు సార్. తండ్రి మైకేల్ కావనా, తల్లి ఇంటిపేరు కిన్సెలా. టౌన్‌ల్యాండ్ ఇప్పటిదే. గ్రిఫిత్‌లో అక్కడ ఇద్దరు మైకేల్‌లు ఉన్నరు, ఒకరి పక్కన ‘జాన్’ అని చిన్నగా ఉంది. మనవాడు ఇద్దరిలో ఎవరో తేలాలె. చిహ్నం వేయించడం లేదు, టౌన్‌ల్యాండ్ పేరే వేయిస్తున్నం.

మూసీ ఒడ్డు:

రెండు మైకేల్‌ల పొలాల నంబర్లూ మ్యాపులో గుర్తించండి. గ్రిఫిత్ తర్వాత ఆ పొలాలు ఎవరి పేరు మీదికి మారినయో రంగు సిరాతో కొట్టివేసి రాసిన పుస్తకాలను క్యాన్సిల్డ్ బుక్స్ అంటరు, అవి డబ్లిన్ వాల్యుయేషన్ ఆఫీసువి, ఆ ఆఫీసు 2023లో టైల్టే ఏరన్ అనే సర్కారు సంస్థలో కలిసింది. మైకేల్ పేరు కొట్టి లారెన్స్ పేరు రాసిన పొలం ఏదో, అదే మీ ఇల్లు. పేరు మారిన సంవత్సరం పక్కనే ఉంటుంది. ఆ ఏడు, దాని ముందటి ఏడు మైకేల్ మరణ నమోదు వెతకండి.